చుక్కలు చాలలా

కొర్లగుంటలో నా కంప్యూటర్ రిపేరు అంగడికి
సందకాడ వచ్చినాడు చెంగల్రాయులు,
చంకలో ల్యాప్‌టాపు, జోబీలో చిన్న నోటుబుక్కు.
గిన్నెలంగట్లో పేర్లు కొట్టేది ఆయన పని,
పెండ్లి చెంబుల మీద, సారె పళ్ళేల మీద.
పుట్టుచెవుడు.
ఊరంతా వినే ఆ టకటక
ఆయనకి మణికట్టులో మాత్రమే తెలుసు.

రాసి చూపించినాడు:
బొమ్మ బాగుంటుంది. ఉన్నట్టుండి అలుక్కుపోతుంది.
మళ్ళీ బాగైతుంది. అప్పటికి మాట అయిపోయుంటుంది.

నాకు తెలిసిన జబ్బే అనుకున్నా.
రోజుకి నలుగురొస్తారు ఇదే గోలతో,
బంతి కనబళ్ళేదని, సీరియల్లో మొహాలు ఉప్మా అయినాయని.
నెట్టు స్పీడు చూసినా. ప్లేయరు కొత్తది వేసినా.
గ్రాఫిక్స్ కార్డుకి పని చెప్పే టిక్కు తీసినా, మళ్ళీ పెట్టినా.
మర్నాడు ఇంటికే పోయి చూస్తే
వైఫై పెట్టె స్టీలు బిందెల వెనక నక్కి ఉండాది,
ముప్పై ఆరు బిందెలు, పేర్లు కొట్టాల్సినవి.
నవ్వుకోని, దాన్ని కిటికీలోకి మార్చి,
ఇంక తిరుగులేదులే అని వాళ్ళింట్లో టీ కూడా తాగినా.

సరిపోలా.

ఆదివారం ఏడింటికి మళ్ళీ పిలిపించినాడు.
తెర మీద ఒకాయమ్మ నీలం గోడ ముందర
చేతుల్తో కథ చెప్తా ఉంది, లైవులో.
నక్క వచ్చింది, అంతవరకు నాకూ తెలిసింది,
బావి గట్టెక్కింది, తొంగి చూసింది,
ఏందో చెప్పబోయింది,
పది వేళ్ళూ గంజిలో మెతుకుల్లా కలిసిపోయినాయి.
స్పీకర్లో మాత్రం
ఆయమ్మ గాజులు, నెత్తిన ఫ్యాను,
యాడనో కుక్క అరిస్తే అది కూడా
ఎంత తేటగా వినిపించిందో!

అప్పుడు తగిలింది నాకు.
దారి ఇరుకైనప్పుడల్లా
ఇది బొమ్మను దారిలో వదిలేసి
గొంతును భుజానేసుకోని వస్తుంది.
ఎవరో యాడనో కూర్చోని తీర్మానం చేసినారు, మాటంటే చెవిదేనని.
పదేండ్లుగా అంగడి నడుపుతున్న నేనూ
చదవకుండానే దాని కింద సంతకం పెట్టుండాను.

ఆయన ఈసారి నోటుబుక్కు తియ్యలా.
పాత పళ్ళెం ఒకటి తిరగేసి
నా పేరులో మొదటక్షరం కొట్టినాడు, ఐదు చుక్కల్లో.
అది భూషణంలో భూ కావచ్చు,
ఈగ కాలిముద్ర కావచ్చు.
పక్కనే మళ్ళీ కొట్టినాడు, నలభై చుక్కల్లో.
తలకట్టు, వొత్తు, దీర్ఘం, అన్నీ నావే.
వేలితో తెరను చూపించి పెదవి విరిచినాడు.
చుక్కలు చాలలా, అంతే కదా!

ఆటో అని ఉండే చోట తీసేసి
ఏడొందల ఇరవై దగ్గర మేకు కొట్టినట్టు కొట్టినా.
ముందుగా నింపుకునే గడువు ఒక సెకను ఉంటే ఇరవై చేసినా.
ఇంక ఇరుకొస్తే బొమ్మ చెడదు, ఆగుతుంది.
చానాసేపు ఆగితే పర్వాలేదా, అని రాసిస్తే
గోడగడియారం కేసి చూసి
ఈగను తోలినట్టు చెయ్యి విసిరినాడు.

ఆ కథనే మొదట్నుంచి పెట్టినాం.
బావి గట్టు కాడ ఆగింది.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, గోళ్ళతో సహా.
నడిమధ్య గుండ్రం తిరగతా ఉంది.
నా చెయ్యి రెండుసార్లు మౌసు మీదికి పోయింది.
ఆయన మాత్రం కదల్లేదు,
ఉలి ఆనించి, సుత్తి ఎత్తకముందు
తర్వాతి అక్షరం తలుచుకునే మనిషి మాదిరి.

కదిలింది.
నక్క ఏందో చెప్పింది.
ఆయన కడుపు పట్టుకోని నవ్వినాడు,
వంటింట్లోంచి ఆయన భార్య గరిటెతో వచ్చి
ఆ చెయ్యి ఎత్తుడు చూసి, తనూ నవ్వింది.

నాకు తెలీలా.
నోటుబుక్కు అందుకోబోతే వద్దన్నాడు,
రాస్తే చచ్చిపోతాదంట ఆ నవ్వు.

స్పీకరు కట్టేసి
కుర్చీ ముందుకు లాక్కున్నా.
మళ్ళీ మొదట్నుంచి, అని
వేలు తిప్పి చూపించినా.